ఐసీడబ్ల్యూలో తీరిగ్గా: తెరచాప పడవలో ఇద్దరే వెళ్లేవాళ్లకి

అమెరికా తూర్పు తీరంలో నార్‌ఫోక్ నుంచి మయామీ దాకా పడవలో వెళ్లడానికి సముద్రంలోకి దిగనక్కర్లేదు. నదుల్నీ కాలువల్నీ సౌండ్లనీ (తీరం వెంట విశాలంగా పరుచుకున్న ఉప్పునీటి కయ్యలు) కలుపుకుంటూ తీరం లోపలే ఒక జలమార్గం ఉంది. దాని పేరు ఇంట్రాకోస్టల్ వాటర్‌వే, పడవలవాళ్లు ఐసీడబ్ల్యూ అంటారు. నార్‌ఫోక్ దగ్గర మైలు సున్నా, మయామీ చేరేసరికి సుమారు 1,090. ఇవి నాటికల్ మైళ్లు కావు, రోడ్డు మీద లెక్కపెట్టే మామూలు మైళ్లే. ఐదు నాట్స్ (అంటే గంటకి ఐదు నాటికల్ మైళ్లు) వేగంతో పోయే పడవ ఇక్కడి లెక్కలో గంటకి ఆరు మైళ్లకి కాస్త తక్కువ వెళ్తుంది. ఈ తేడా గుర్తుంటే సాయంత్రం లెక్కలు తప్పవు.

చాలామంది రోజుకి యాభై మైళ్లు వేసుకుంటారు. అది పడవని ఇంకో ఊరికి చేర్చే డెలివరీ పని, విహారం కాదు. ఇద్దరే ఉన్న పడవకి రోజుకి పాతిక ముప్ఫై మైళ్లు చాలు. మధ్యాహ్నం మూడింటికల్లా లంగరు పడిపోవాలి. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక ఐదు దాటితే చీకటే. చీకట్లో తెలియని వాగులోకి వెళ్లి లోతు వెతుక్కోవడం అనే టెన్షన్ ఎందుకు? ఎవరినైనా ఎక్కించుకోవాలనుకుంటే వాళ్లకి తేదీ చెప్పండి లేదా ఊరు చెప్పండి. రెండూ చెప్పారంటే గాలివానలో కూడా బయల్దేరాల్సి వస్తుంది.

ముందు పడవ కొలతలు చూసుకోండి. దారిలో ఉన్న స్థిర (తెరుచుకోని) వంతెనల ఎత్తు 65 అడుగులు అనుకుంటారు, కానీ రెండు చోట్ల అది తగ్గుతుంది. నార్త్ కరోలినాలో ఆలిగేటర్-పంగో కాలువ చివరనున్న విల్కర్సన్ వంతెన 64 అడుగులే. మయామీలో జూలియా టటిల్ వంతెన 56 అడుగులు. మాస్ట్ (తెరచాప స్తంభం) ఎత్తు కొలిచేటప్పుడు పైనున్న యాంటెన్నా, లైటు కూడా కలపండి. వంతెన స్తంభం మీద ఆ క్షణంలో ఎంత ఎత్తుందో చూపే అంకెల బోర్డు చాలాచోట్ల ఉంటుంది. నార్త్ కరోలినా సౌండ్లలో నీటిమట్టాన్ని పెంచేదీ తగ్గించేదీ గాలే, అందుకని టైడ్ (ఆటుపోట్ల) పట్టికని కాకుండా ఆ బోర్డునే నమ్మండి. ఇక కీల్, అంటే పడవ అడుగున నీళ్లలోకి దిగే భాగం. కాగితం మీద ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగుల లోతు ఉండాలి. ఇసుక మేట వేసిన చోట అందులో సగం కూడా ఉండదు. మా పడవ నాలుగున్నర అడుగులు దిగుతుంది, మాకు పెద్ద ఇబ్బంది లేదు. ఆరడుగులు దిగే పడవైతే పోటు చూసుకునే కదలాలి.

అక్టోబర్ మొదట్లో బయల్దేరితే మంచిది. తుపాన్ల సీజన్ నవంబర్ 30 దాకా ఉంటుంది, చాలా బీమా పాలసీలు ఫలానా తేదీకి ముందు ఫలానా గీత దాటి దక్షిణానికి దిగొద్దంటాయి. మీ పాలసీలో ఆ గీత ఎక్కడుందో బయల్దేరే ముందే చదవండి.

మొదటిరోజే రెండు దారులొస్తాయి. ఒకటి గ్రేట్ బ్రిడ్జ్ లాకు (నీటిమట్టం మార్చి పడవని ఎత్తే, దించే గేట్ల గది) మీదుగా, రెండోది డిస్మల్ స్వాంప్ కాలువలో. తీరిగ్గా వెళ్లేవాళ్లకి నేను రెండోదే చెప్తాను. 1805 నుంచి నడుస్తున్న కాలువ అది, సన్నగా, తిన్నగా, రెండు పక్కలా అడవి. ఆకులూ పీటూ (కుళ్లిన మొక్కల మట్టి) ఊరి నీళ్లు ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంటాయి. అడుగున మొద్దులుంటాయి కాబట్టి మెల్లగా పోవాలి. రెండు లాకులూ రోజుకి కొన్నిసార్లే తెరుస్తారు, వేళలు ముందే కనుక్కోండి. లాకులో తాడుని గట్టిగా ముడివేయొద్దు. ఒక చుట్టు తిప్పి చేత్తో పట్టుకుని, నీరు ఎక్కుతుంటే లాగుతూ, దిగుతుంటే వదులుతూ ఉండాలి. మధ్యలో హైవే విశ్రాంతి కేంద్రానికి ఉచిత రేవు ఉంది. కార్లలో వచ్చినవాళ్లు ఒకవైపు, పడవలవాళ్లు ఒకవైపు. చోటు చాలకపోతే పడవ పక్కన పడవ కట్టుకుంటారు, మీ డెక్కు మీదుగా ఎవరైనా నడిచి వెళ్తే ఏమీ అనుకోకండి.

ఇప్పుడు అసలు విషయం, ఇద్దరి మధ్య పని పంపకం. పడవల్లో చాలామంది మగవాళ్లు చుక్కాని పట్టుకుని భార్యని లంగరు దగ్గరికి పంపుతారు. నాకిది ఎప్పుడూ అర్థం కాలేదు. గొలుసు లాగడానికి బలం కావాలి, చుక్కానికి కావలసింది చూపు. మా ఇంట్లో నేను చుక్కాని దగ్గర, మా ఆయన ముందు. ఆయన చేయి ఎటు చూపిస్తే పడవ అటు, పిడికిలి బిగిస్తే న్యూట్రల్, అరచేయి వెనక్కి ఊపితే రివర్స్. అరుపులుండవు. ఇంజన్ మోతలో "ఆపు" అన్నా "లాగు" అన్నా ఒకేలా వినిపిస్తాయి, తర్వాత గంటసేపు ఇద్దరం మాట్లాడుకోం. చేతి సైగలు కుదరకపోతే ఇయర్‌ఫోన్లలాంటి హెడ్‌సెట్లు దొరుకుతాయి, కొనేయండి.

గంటకోసారి చుక్కాని మారండి. కాలువల్లో ఎవరూ పడవని ఆటోపైలట్‌కి వదిలేసి నిద్రపోవడం కుదరదు. చుక్కాని పట్టుకోనివాళ్లు చార్ట్ (జలమార్గం పటం) చూడాలి, తర్వాతి వంతెన ఏదో చెప్పాలి, బైనాక్యులర్‌తో పీతలు పట్టే బుట్టలకి కట్టి నీటి మీద తేలే బంతులు వెతకాలి. ఆ బంతి కిందున్న తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఆ రోజు అక్కడితో సరి.

దారి చూపే మార్కర్ల (నీళ్లలో ఎరుపు, ఆకుపచ్చ గుర్తులున్న స్తంభాలు, తేలే బోయాలు) మీద చిన్న పసుపు గుర్తులుంటాయి. దక్షిణానికి వెళ్లేటప్పుడు పసుపు త్రికోణం మీ కుడివైపు, పసుపు చదరం ఎడమవైపు. సముద్ర ముఖద్వారాల దగ్గర ఎరుపు ఆకుపచ్చల అర్థం వేరే దారికి చెందుతుంది, అక్కడ రంగు చూసి అయోమయపడకుండా పసుపునే పట్టుకోండి. చార్ట్ మీద కనిపించే గులాబీ గీత కేవలం సూచన, దాని మీదే పోవాలని లేదు. ఇంకో సంగతి. ముందున్న మార్కర్‌ని మాత్రమే చూస్తూ పోతే ప్రవాహం మిమ్మల్ని పక్కకి నెట్టేస్తున్నట్టు తెలియదు. తరచుగా వెనక్కి తిరిగి దాటొచ్చిన మార్కర్‌ని కూడా చూడండి. రెండింటి మధ్య గీతలో ఉన్నారో లేదో వెంటనే తెలుస్తుంది.

వంతెన తెరిపించడానికి వీహెచ్ఎఫ్ రేడియోలో వర్జీనియా, నార్త్ కరోలినాల్లో 13వ ఛానల్, సౌత్ కరోలినా నుంచి కిందికి 9వ ఛానల్. వంతెన పేరు, మీ పడవ పేరు, ఎటు వెళ్తున్నారో చెప్తే చాలు. తెరిచాక ఒక థాంక్స్. ప్రవాహం వెనకనుంచి తోస్తుంటే వంతెనకి చాలా దూరంలోనే ఆగండి. నిర్ణీత వేళల్లోనే తెరిచే వంతెనల దగ్గర కాస్త లెక్క వేసుకోవాలి. నార్త్ కరోలినాలో ఫిగర్ ఎయిట్ ఐలండ్ వంతెన పగలు ప్రతి గంట కొట్టినప్పుడూ, ఆపై అరగంటకీ తెరుస్తారు. దానికి సుమారు ఐదు మైళ్ల తర్వాత వచ్చే రైట్స్‌విల్ బీచ్ వంతెన గంట కొట్టినప్పుడే. మీరు అరగంట వేళకి మొదటిది దాటితే రెండోదాని ముందు గిరికీలు కొట్టాల్సిందే. గంట వేళకి దాటితే, మామూలు వేగంతోనే తర్వాతి గంటకి కాస్త ముందు చేరతారు. అంటే అరగంట ఆలస్యంగా లేవొచ్చు.

వేగంగా పోయే మోటారు పడవ వెనకనుంచి వస్తే మీరే వేగం బాగా తగ్గించండి. మీరు ఆరు నాట్స్ పోతుంటే వాళ్లు మెల్లగా దాటలేరు, పెద్ద అల లేపాల్సిందే. మీరు తగ్గితే వాళ్లూ తగ్గి జారిపోతారు.

తెరచాప మాటేమిటి అంటారా? కాలువల్లో ఇంజనే. గాలి పక్కనుంచి వస్తే ముందు చాప ఒక్కటి విప్పితే ఇంజన్‌కి సాయం. ఆల్బెమార్ల్ సౌండ్, న్యూస్ నది, ఫ్లోరిడాలో ఇండియన్ నది, ఇవి అసలైన తెరచాప చోట్లు. ఆల్బెమార్ల్ లోతు తక్కువ, గాలి పెరిగితే పొట్టి, నిటారు అలలు లేస్తాయి. పొద్దున్నే దాటేయండి.

జార్జియాని చాలామంది భయపడి సముద్రంలోంచి దాటేస్తారు. నాకైతే దారి మొత్తంలో అదే ఇష్టం. ఆటుపోట్ల తేడా ఏడు నుంచి తొమ్మిది అడుగులు. హెల్ గేట్, లిటిల్ మడ్ నది, జెకిల్ క్రీక్, లోతు తక్కువైన ఈ మూడు చోట్లనీ సగం పోటు దాటాక, నీరు ఇంకా ఎక్కుతున్నప్పుడే దాటాలి. ఎక్కుతున్నప్పుడు అడుగు తగిలినా కాసేపట్లో నీరే పైకి లేపుతుంది. దిగుతున్నప్పుడు తగిలితే సగం రోజు వంకర పడవలో వంట. మిగతా సమయమంతా మీదే. ఆటు బాగా దిగాక బురద గట్టు దగ్గర కూర్చుని చూడండి, డాల్ఫిన్లు చేపల గుంపుని గట్టు మీదికి తోసి, తామూ కుడిపక్కకి ఒరిగి బురద మీదికి జారి, తిని వెనక్కి నీళ్లలోకి దొర్లుతాయి. కంబర్లాండ్ ద్వీపం దగ్గర రెండు రాత్రులు పెట్టుకోండి. అడవి గుర్రాలున్నాయి, దుకాణాలు లేవు, తాగే నీళ్లు తీసుకెళ్లండి.

అక్కడ లంగరు లెక్క జాగ్రత్త. ఆటులో పది అడుగుల లోతు చూసి ఏడింతలు, 70 అడుగుల గొలుసు వదిలారనుకోండి. పోటుకి ఎనిమిది అడుగులు పెరుగుతాయి, పడవ ముక్కు నీటికి నాలుగడుగుల పైన ఉంటుంది. మొత్తం 22. మీ 70 అడుగులు మూడింతలకి కొంచెం ఎక్కువ, అంతే. ఐదింతలకైనా 110 వదలాలి. రాత్రి ప్రవాహం తిరిగినప్పుడు పడవ కూడా తిరుగుతుంది, ఆ చుట్టూ అంత చోటుందా అని ముందే చూడండి.

వంటకి ప్రెషర్ కుక్కర్‌ని మించింది లేదు. గ్యాస్ ఆదా, అల కొట్టినా మూత ఊడదు. జార్జియా నుంచి కిందికి సన్నటి పురుగులుంటాయి, మామూలు దోమతెర ఆపదు, ఇంకా చిన్న కన్నాల వల కుట్టించుకోండి. టాయిలెట్ నీళ్లు వాటర్‌వేలోకి వదలకూడదు, మరీనాల్లో (పడవల రేవుల్లో) పంప్‌అవుట్ చేయించుకోవాలి, అంటే ట్యాంకు ఖాళీ చేయించుకోవాలి.

నార్త్ కరోలినాలో క్యాంప్ లెజూన్ దగ్గర సైన్యం కాల్పుల సాధన చేసేటప్పుడు దారి కొన్ని గంటలు మూసేస్తారు, కోస్ట్ గార్డ్ నోటీసులు ముందురోజే చూడండి. బయల్దేరే ముందే టోయింగ్ సభ్యత్వం (ఇరుక్కుంటే వచ్చి లాగే సేవ) తీసుకోండి. ఇసుకలో ఆగితే ముందుకి బలంగా తొక్కొద్దు, ఇంకా లోతుగా దిగబడుతుంది. వచ్చిన దారినే వెనక్కి ప్రయత్నించండి, కుదరకపోతే బూమ్‌ని (తెరచాప కింది అడ్డ కర్ర) పక్కకి తిప్పి దాని మీద బరువు వేసి పడవని ఒరిగించండి. అప్పటికీ కదలకపోతే ఫోన్ చేసి మైలు సంఖ్యతో పాటు దగ్గర్లో ఉన్న మార్కర్ నంబర్ కూడా చెప్పండి.