పాత టామియా ట్రక్కు చేతికొచ్చిందా? బ్యాటరీ మాత్రం ఇప్పుడే తగిలించకండి

పాత రిమోట్ ట్రక్కు దొరికితే ఎవరికైనా మొదట పుట్టే ఆత్రం ఒకటే: "నడుస్తుందో లేదో చూద్దాం." ఆ ఆత్రమే కొంప ముంచుతుంది. ముప్పై నలభై ఏళ్లు అటక మీదో, డబ్బాలోనో పడి ఉన్న బండికి బ్యాటరీ తగిలించాక అది కదలకపోతే పోయేదేమీ లేదు. కదలబోయి గట్టిపడిన గ్రీజులో గేరు పళ్లు రాలినా, పెచ్చులూడిన వైరు షార్ట్ అయి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవరు మాడినా ఆ భాగం మళ్లీ దొరకడం కష్టం. అందుకే ఈ పనిలో బ్యాటరీ వంతు అన్నిటికన్నా ఆఖరున.

కింద చెప్పే జాగ్రత్తలు ఎక్కువగా టామియా వారి మూడు గేర్ల ట్రక్కుల కోసం. 1981లో వచ్చిన టొయోటా హైలక్స్, 1985లో వచ్చిన బ్రూజర్ ఈ కోవలోవే. ఇనుప ఛాసిస్, అసలు లారీకి ఉన్నట్టే కమాన్ కట్టలు, రిమోట్‌తోనే మార్చగలిగే మూడు గేర్లు. జపాన్‌లోని షిజువోకాలో ఉన్న ఈ కంపెనీ చేసిన వాటిలో ఇంత ముచ్చటైనవి తక్కువే అని నా అభిప్రాయం. 1987 నాటి క్లాడ్ బస్టర్ లాంటివి ఉన్నవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. కాకపోతే దానికి ముందు ఒకటి, వెనక ఒకటి మోటార్లుంటాయి కాబట్టి కరెంటు విషయంలో ఇంకాస్త భయం ఉండాలి.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. బండిని నడపాలా, అద్దాల బీరువాలో పెట్టాలా? బీరువాలో పెట్టేదైతే పాత స్టిక్కర్లు, పాత రంగు, పాత గీతలు అలాగే ఉంచి శుభ్రం చేస్తే చాలు. ఒకసారి గీకేసిన ఒరిజినల్ రంగు మళ్లీ రాదు. నడిపేదైతే అరిగినవి మార్చాలి, వైరింగ్ కొంత కొత్తగా వేయాలి. రెండూ కావాలంటే ఒరిజినల్ బాడీ దాచిపెట్టి, నడపడానికి వేరే బాడీ వెతుక్కోవడం మేలు.

కారిన సెల్స్

విప్పగానే చూడాల్సింది బ్యాటరీ పెట్టే చోటు. ఆ కాలపు బండ్లు చాలావాటిలో రిసీవరుకి విడిగా నాలుగు పెన్సిల్ సెల్స్ పట్టే డబ్బా ఉంటుంది. చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్‌లోనూ సెల్స్ ఉంటాయి. వాటిని లోపలే వదిలేసి ఉంటే కారి ఉంటాయి. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు లేకుండా ఆ మూత తీయకండి. పొడిని నోటితో ఊదకండి.

కారిన సెల్ ఏ రకమో చూసుకోవాలి. ఆల్కలైన్ సెల్, నికెల్-కాడ్మియం ప్యాక్ కారితే వచ్చే తెల్లటి పొర క్షారం. దాన్ని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిస్తే చిన్నగా బుసబుస పొంగి విరిగిపోతుంది. మన దగ్గర కొట్లో దొరికే మామూలు జింక్-కార్బన్ సెల్ కారితే అది ఆమ్లం వైపు ఉంటుంది, దానికి వంటసోడా నీళ్లు. రెండిట్లో దేనికైనా ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. రేకు మీద పచ్చటి చిలుము దిగి ఉంటే వైరు లోపలికి కూడా పాకి ఉంటుంది. పైపొర కొంచెం ఒలిచి చూడండి. లోపల రాగి నల్లగా ఉంటే ఆ వైరు మీద టంకం సరిగా పట్టదు, మొత్తం మార్చేయడమే దారి.

పాత నికెల్-కాడ్మియం ప్యాక్‌ని ఛార్జ్ చేసి బతికించాలని చూడొద్దు. కాడ్మియం విషం. ప్యాక్‌ని కోయకండి, కాల్చకండి, చెత్తబుట్టలో వేయకండి. టెర్మినళ్లకు టేపు చుట్టి, పాత బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ వాళ్లకు ఇవ్వండి. మన దేశంలో బ్యాటరీ వ్యర్థాలకు 2022 నుంచి ప్రత్యేక నిబంధనలే ఉన్నాయి.

స్క్రూలు, గేర్ బాక్స్

ఈ పనిలో ఎక్కువ భాగాలు పాడయ్యేది స్క్రూడ్రైవర్ వల్లే. జపాన్ స్క్రూల తల చూడ్డానికి మన ఫిలిప్స్ స్టార్ లాగే ఉంటుంది కానీ గాడి ఆకారం కొంచెం వేరు. ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పితే అది పైకి జారి గాడిని తినేస్తుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం డ్రైవర్ ఒకటి కొనుక్కోండి, ఆ ఖర్చు దండగ కాదు. బిగుసుకున్న స్క్రూ ఇనుములో ఉంటే చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేయాలి. ప్లాస్టిక్‌లో ఉంటే నూనె వేయకండి. వేడి సాల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద కొన్ని సెకన్లు ఆనించండి. చుట్టూ ప్లాస్టిక్ కొంచెం మెత్తబడి స్క్రూ వదులుతుంది. ఎక్కువసేపు ఆనిస్తే మాత్రం స్క్రూతో పాటు ప్లాస్టిక్‌లోని మర కూడా ఊడి వస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు ఇంకో కిటుకు. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూని రంధ్రంలో పెట్టి మొదట వెనక్కి, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పండి. ఒకచోట 'టిక్' మని కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. అది పాత మర మీద కూర్చుందన్నమాట. అక్కడి నుంచి ముందుకు తిప్పాలి. ఇలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోయి, నాలుగైదు సార్లకే రంధ్రం గుల్ల అయిపోతుంది. ఈ బిగింపులకు పవర్ స్క్రూడ్రైవర్ అసలే వద్దు.

స్క్రూలు వదులవకుండా వేసే థ్రెడ్ లాక్ ద్రవం ఇనుముకి ఇనుము తగిలే చోటే వాడాలి. అది ప్లాస్టిక్ మీద పడితే అక్కడే సన్నటి పగుళ్లు మొదలవుతాయి. ఏబీఎస్, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ రకాలు రెండూ దానికి తట్టుకోవు. మర్నాడు చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, కొన్నాళ్లకి చిన్న కుదుపుకే విరుగుతుంది.

గేర్ బాక్స్ విప్పేముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఒక్కో పొర తీసిన ప్రతిసారీ పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. చిన్న వాషర్లు, సందు పూడ్చే సన్నటి షిమ్ములు ఏ షాఫ్టుకు ఏ వైపు ఉన్నాయో తర్వాత గుర్తుండదు, మనకి ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా సరే. గుడ్ల ట్రేలో గుంటకో భాగం చొప్పున వరసగా పెట్టుకోండి. షాఫ్టుల చివర ఉండే ఈ-క్లిప్పులు (E ఆకారపు చిన్న రేకు క్లిప్పులు) తీసేటప్పుడు తుపాకీ గుండులా ఎగురుతాయి. కంటికి తగిలితే ప్రమాదం, నేల మీద పడితే దొరకవు. కళ్లద్దాలు పెట్టుకుని, బండినీ చేతులనీ పెద్ద పాలిథిన్ సంచిలో ఉంచి తీస్తే రెండు బెడదలూ తప్పుతాయి.

పాత గ్రీజు గోధుమరంగు మైనంలా గట్టిపడి ఉంటుంది. ఇనుప భాగాలకు కిరసనాయిలు చాలు, కానీ వంటింట్లో కాదు. కిటికీలు తీసిన చోట, చుట్టుపక్కల దీపం, అగరుబత్తి లేకుండా చూసుకోవాలి. ప్లాస్టిక్ గేర్లకు సబ్బు నీళ్లు, పాత టూత్ బ్రష్. పెట్రోలు, థిన్నరు జోలికి వెళ్లొద్దు. గేర్లు మార్చే మీటని చేత్తో బలంగా తోయకండి. చక్రాలు మెల్లగా తిప్పుతూ ఉంటే పళ్లు కుదిరినప్పుడు అదే పడుతుంది.

విరిగిన గేరు కోసం వెతికేవాళ్లకు ఒక మాట. బ్రూజర్‌ని టామియా 2012లో మళ్లీ విడుదల చేసింది. పాత కిట్ నంబరు 58048, కొత్తది 58519. కొత్తదాని భాగాలు కొన్ని పాతదానికి పడతాయి, అన్నీ పడవు. అమ్మేవాళ్లు "సేమ్ టు సేమ్" అంటారు. డబ్బు కట్టే ముందు మీ దగ్గరున్న ముక్కని కాలిపర్‌తో కొలిచి, పళ్లు లెక్కపెట్టి అడగండి.

ప్లాస్టిక్ బాడీ, రంగు

హైలక్స్, బ్రూజర్ల బాడీ గట్టి ప్లాస్టిక్. ఇన్నేళ్లకి పెళుసుబారి ఉంటుంది. చలికాలం పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వంచి తీయబోతే పుటుక్కుమంటుంది. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి తీయడం నయం. రబ్బరు టైర్లు ప్లాస్టిక్‌కి ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే, రబ్బరులోని నూనె దిగి ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. ఇక ముందు డబ్బాలో పెట్టేటప్పుడు మధ్యలో కాగితం వేయండి.

పాత రంగు వదలగొట్టడానికి అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ వద్దు, బాడీయే జిగురైపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని ముందు లోపలివైపు ఒక మూల రాసి గంట ఆగి చూడండి. స్టిక్కర్లు పీకే ముందు స్కాన్ చేసుకోండి. పక్కన స్కేలు పెట్టి మరీ చేస్తే తర్వాత అదే సైజులో ప్రింట్ వేయించుకోవచ్చు. పసుపెక్కిన తెల్ల భాగాలను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో, ఎండలో పెట్టి తెల్లబరుస్తారు. బ్యూటీ పార్లర్ సామాన్ల కొట్లో దొరికే 12 శాతం క్రీమే అది. చర్మం మీద పడితే మంట, తెల్లటి మచ్చలు. వాడగా మిగిలినదాన్ని బిగుతు మూత సీసాలో పోసి ఎండలో వదిలితే వాయువు పుట్టి సీసా పగలొచ్చు.

సూపర్ గ్లూ నూలు గుడ్డ మీద, దూది మీద ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, వేళ్లు కాలతాయి. ఒలికినదాన్ని బనియన్ ముక్కతో తుడవబోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. దాని ఆవిరి కిటికీ అద్దాల ముక్కలకు తగిలినా తెల్లగా మసకబారతాయి.

స్ప్రే పెయింట్ వర్షాకాలంలో వేయకండి. గాలిలో తేమ వల్ల పైన పాలపొరలా తెల్లగా తేలుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం వేస్తే రంగు బాడీని చేరేలోపే గాలిలో ఎండి గరుకుగా పడుతుంది. మన ఊళ్లలో సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా, ఉదయం తొమ్మిది పది గంటల వేళ బాగా కుదురుతుంది. ముఖానికి గుడ్డ మాస్కు సరిపోదు, పెయింటర్లు వాడే ఆవిరి పీల్చే ఫిల్టర్ మాస్కు కావాలి.

కరెంటు

విదేశం నుంచి వచ్చిన ఛార్జరు ఉంటే దాని వెనక లేబుల్ మీద ఇన్‌పుట్ ఎంతో చదవందే ప్లగ్గులో పెట్టొద్దు. అమెరికాది 120 వోల్టులు, జపాన్‌ది 100. మన 230కి తగిలిస్తే మాడిపోవడమే. నిజానికి పాత టైమర్ ఛార్జర్ ఏ దేశానిదైనా వాడకండి. బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలియదు.

రేడియో సంగతి. పాత సెట్లు ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ మీద నడుస్తాయి. 27 మెగాహెర్ట్జ్ చాలా దేశాల్లో వాడేవారు, అమెరికాలో నేల మీద నడిచే మోడళ్లకు 75 కూడా ఉండేది. ఆ 75 సెట్ ఇక్కడ ఆన్ చేయకండి. ఏ పాత సెట్‌కైనా బదులు 2.4 గిగాహెర్ట్జ్ కొత్త సెట్ పెట్టుకోవడమే సులువు, దానికి మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు. స్టీరింగు, స్పీడు కాక మూడో ఛానల్ కూడా ఉన్నది చూసి కొనండి, గేర్లకు అది తప్పనిసరి. పాత సర్వోని (రిసీవరు చెప్పినట్టు స్టీరింగు, గేర్లు కదిపే చిన్న మోటారు డబ్బా) కొత్త రిసీవరుకు తగిలించేముందు వైర్ల వరస చూసుకోవాలి. కొన్ని పాత కంపెనీల ప్లగ్గుల్లో ప్లస్, మైనస్ స్థానాలు వేరుగా ఉండేవి. ప్లగ్గు దూరుతుంది కదా అని పెడితే సర్వో పోతుంది.

మెకానికల్ స్పీడ్ కంట్రోలర్ (రెసిస్టర్‌తో మోటారు వేగం తగ్గించే పాత రకం స్విచ్చు) ఉంటే దానితో లిథియం పాలిమర్ బ్యాటరీ వాడొద్దు. ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగకుండా ఆపే ఏర్పాటు అందులో లేదు. అలా దిగి ఉబ్బిన ప్యాక్‌ని మళ్లీ ఛార్జ్ చేస్తే మంటలు రావచ్చు. పాత సర్క్యూట్‌కి 7.2 వోల్టుల నికెల్-మెటల్ హైడ్రైడ్ ప్యాకే సరి. అమెరికా నుంచి వచ్చేవాళ్లతో లిథియం బ్యాటరీ తెప్పిస్తుంటే, అది చెకిన్ బ్యాగులో పెట్టకూడదని ముందే చెప్పండి. చేతి సంచిలోనే తేవాలి. ఎండాకాలం ఆపి ఉంచిన కారులో ఏ బ్యాటరీనీ వదలొద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేరోజు మోటారు వైర్లు విప్పేయండి. బ్యాటరీ ప్లస్ వైరుకి వరసలో బైక్ ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల బల్బు ఒకటి పెట్టండి. షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, వైరు కాలదు. వెలగకపోతే సర్వోలు తిప్పి చూసి, మోటారు కలిపి, ఆ తర్వాతే బల్బు తీయాలి. బండిని ఇటుక మీద ఎత్తి, చక్రాలు నాలుగూ గాలిలో ఉండేలా చూసుకోండి. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, ఆఖరున ట్రాన్స్‌మిటర్. పాత సెట్లలో సిగ్నల్ లేకపోతే సర్వో ఇష్టమొచ్చినట్టు ఊగి, ఫుల్ స్పీడు మీద నిలబడిపోతుంది. పిల్లలు ముందు కూర్చుని చూస్తుంటే టెన్షన్ మనకే.

నేల మీద దించాక మొదటి అయిదు నిమిషాలకే ఆపి మోటారు మీద వేలు పెట్టి చూడండి. పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే గేర్లు బిగుసుకుపోయినట్టు, లేదా షాఫ్టు తిరిగే బుష్ పట్టేసినట్టు. స్పీడ్ కంట్రోలర్‌కి ఉండే తెల్ల పింగాణీ రెసిస్టర్‌ని మాత్రం ముట్టుకోకండి, మామూలుగానే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. దానికి వైర్లు, బాడీ తగలకూడదు. సగం స్పీడులో ఎక్కువసేపు నడిపినా ఆ వేడే. తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్ మెత్తబడి పసుపెక్కుతోందంటే లోపల పిన్నులు వదులయ్యాయని అర్థం, మార్చేయండి. నడపడం అయ్యాక బ్యాటరీ బండిలోంచి తీసి, చల్లారాక, గచ్చు నేల మీద మీరు ఉన్న గదిలోనే ఛార్జింగ్ పెట్టండి.