అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్ ఎందుకు నిరాకరిస్తారు: దరఖాస్తుకు ముందే సరిచూసుకోవలసినవి

అమెరికా రక్షణ రంగ కంపెనీల్లో సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు అనుమతి) అవసరమయ్యే ఉద్యోగానికి ఆ దేశ పౌరసత్వం ఉండాలి, కంపెనీ గాని ప్రభుత్వ శాఖ గాని స్పాన్సర్ చేయాలి. ఎస్ఎఫ్-86 అనే దరఖాస్తును 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల ప్రకారం తూకం వేస్తారు. ఆరోపణలోని విషయం నిజమని తేలితే, దానివల్ల దేశ భద్రతకు ముప్పు లేదని చూపవలసిన భారం దరఖాస్తుదారుదే.

భారతదేశంలో తల్లిదండ్రులున్నారన్న కారణంతోనే తిరస్కరిస్తారని మనవాళ్లు భయపడతారు గాని, తిరస్కరణల్లో తరచుగా కనిపించేది డబ్బు వ్యవహారమే. గత ఏడేళ్లలో ఏ బాకీ అయినా 120 రోజులకు మించి చెల్లించకుండా ఉందా అని ఫారం అడుగుతుంది కనుక, నింపడానికి ముందే మీ అప్పుల చరిత్రను నమోదు చేసే మూడు క్రెడిట్ సంస్థల నివేదికలూ తెప్పించుకోండి. ఉద్యోగం పోవడం వల్లనో ఆస్పత్రి ఖర్చుల వల్లనో అప్పు పేరుకుపోతే, ఆ కాగితాలతో పాటు వాయిదాలు కడుతున్న రసీదులూ దాచుకోండి. అభ్యంతరాల నోటీసు వచ్చాక మొదలుపెట్టిన చెల్లింపులకు అంత విలువ ఇవ్వరు. పన్ను రిటర్నులు దాఖలు చేయకపోవడాన్ని మామూలు అప్పు కన్నా తీవ్రంగా చూస్తారు.

మనవాళ్లు ఎక్కువగా మరచిపోయేది భారతదేశంలోని ఎన్ఆర్ఓ (ప్రవాసుల) బ్యాంకు ఖాతాను, నాన్నగారితో ఉమ్మడిగా వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే, ఆ ఖాతాల వివరాలను అమెరికా ఆర్థిక శాఖకు తెలిపే ఎఫ్‌బార్ దాఖలు చేయాలి. ఫారంలో ఖాతా రాసి ఎఫ్‌బార్ మానేసినా, అది వేసి ఫారంలో ఖాతా వదిలేసినా ప్రశ్న తప్పదు.

బంధువుల విషయానికి వస్తే, తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామల వివరాలన్నీ ఇవ్వాలి. అక్కయ్య తహసీల్దారు కార్యాలయంలో పనిచేస్తున్నా, తమ్ముడు జిల్లా పరిషత్ పాఠశాలలో ఉపాధ్యాయుడైనా అది ప్రభుత్వ ఉద్యోగమేనని రాయండి. హైదరాబాద్ శివార్లలోని ప్లాటును, ఓసీఐ కార్డును (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చేది) దాచవద్దు. ఆ ప్లాటు విలువతో పోలిస్తే అమెరికాలోని మీ ఇల్లు, రిటైర్మెంట్ పొదుపు ఎంతో చూపగలిగితే తూకం మీవైపు మొగ్గుతుంది.

గంజాయిని రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం అనుమతించదు. దరఖాస్తు చేశాక కూడా వాడినవారికి సంజాయిషీ చెప్పుకోవడం చాలా కష్టం.

పై వాటిలో చాలావరకు కాలం గడిచిందనో, పరిస్థితి మారిందనో నచ్చజెప్పుకోవచ్చు. తెలిసి దాచడం అలాంటిది కాదు: ఉద్దేశపూర్వకంగా తప్పు సమాచారం ఇస్తే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పైగా విచారణాధికారులు పాత మేనేజర్లను, ఇరుగుపొరుగువారిని అడుగుతారు. ఏదైనా తర్వాత గుర్తొస్తే, అధికారులు నిలదీయక ముందే మీ అంతట మీరే చెప్పండి. దాన్ని మీకు అనుకూలంగా లెక్కిస్తారు.

అభ్యంతరాలుంటే కారణాల పత్రం వస్తుంది. రక్షణ కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగులు దానికి 20 రోజుల్లోగా ప్రమాణపూర్వకంగా జవాబివ్వాలి. ఒక్కొక్క ఆరోపణకు అంగీకరిస్తున్నారో కాదంటున్నారో విడివిడిగా రాసి, ఆధారాలు జతచేసి, న్యాయాధికారి ముందు విచారణ కోరండి. కాగితాల మీదే తేల్చమంటే, మీరు ఎదురుగా కూర్చుని వివరించే అవకాశం పోతుంది. తుది నిర్ణయం ప్రతికూలమైతే, సాధారణంగా ఏడాది గడిచాకే మళ్లీ దరఖాస్తుకు వీలుంటుంది, దానికీ స్పాన్సర్ కావాలి.