పాలీక్లినిక్‌లో మందు లేదంటే ఏం చేయాలి? మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ కార్డు, మందుల ఖర్చు తిరిగి పొందే దరఖాస్తు విధానం

మా నాన్న ఆర్మీలో నాయక్‌గా రిటైరయ్యారు. మాది శ్రీకాకుళం జిల్లాలో సోంపేట పక్క పల్లె. బీపీకి ఒకటి, షుగర్‌కు రెండు, గుండెకు రెండు, కొలెస్ట్రాల్‌కు ఒకటి, మొత్తం రోజుకు ఆరు మాత్రలు వేసుకుంటారు. ఒకసారి వాటిలో రెండు రకాలు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో, అంటే మాజీ సైనికుల ఆరోగ్య పథకం క్లినిక్‌లో, వరుసగా నాలుగు నెలలు దొరకలేదు. బయట మెడికల్ షాపులో కొన్నాం. బిల్లులన్నీ జాగ్రత్తగా దాచి క్లెయిమ్ పెడితే, డబ్బు ఇవ్వకుండా తిప్పి పంపేశారు. మందు స్టాకులో లేదని రాసిచ్చిన కాగితం మా దగ్గర లేకపోవడమే కారణం. నోటిమాటగా "లేవు, బయట చూసుకోండి" అంటే నమ్మి కొనేశాం.

ఆ నాలుగు నెలల డబ్బు పోయింది. ఇంకెవరికీ అలా పోకూడదని ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిలటరీ పింఛను వచ్చే ఇల్లు లేని ఊరు తక్కువ. ఆ ఇళ్లలో చాలాచోట్ల కాగితాలు చూడగలిగిన పిల్లలు వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైమాటే. డెబ్బై దాటిన మనిషి బస్సెక్కి వచ్చి, సగం మందులతో తిరిగి వెళ్తే మళ్లీ ఎప్పుడు వస్తాడు?

మందుల ఖర్చు ఎందుకు పెరుగుతోంది

అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర పెడుతుంది. టోకు ధరల సూచీ ఎంత పెరిగితే, ఏటా ఏప్రిల్‌లో ఆ మేరకు కంపెనీలు రేటు పెంచుకోవచ్చు. 2023లో అది 12 శాతం దాటింది. 2025లో 1.74 శాతం. మధ్యలో 2024 అక్టోబరులో ఎనిమిది మందులకు చెందిన పదకొండు రకాల గరిష్ఠ ధరను ఒకేసారి 50 శాతం పెంచారు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్, కంట్లో నీటికాసులకు వేసే పైలోకార్పిన్ చుక్కలు అందులో ఉన్నాయి. రెండూ పెద్దవయసు వాళ్లు వాడేవే. కాస్త ఊరట ఏమిటంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బయట కొన్నప్పుడు బిల్లులో ఆ 5 శాతమే వేశారో లేదో చూసుకోండి.

పెరిగిన రేట్లు పింఛనుదారుడి మీద పడకుండా కాయాల్సింది ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికుల కాంట్రిబ్యూటరీ ఆరోగ్య పథకం. 2003 ఏప్రిల్ 1న మొదలైంది. దీనికి చందా ఒక్కసారే కడతాం, భార్యాభర్తలకు జీవితాంతం వైద్యం అందాలి. పెద్ద ఆపరేషన్ ఎప్పుడో ఒకసారి వస్తుంది. మాత్రలు మాత్రం ప్రతి నెలా కావాలి. అందుకే నా దృష్టిలో ఈ పథకం విలువ తేలేది ఆసుపత్రి బెడ్డు దగ్గర కాదు, మందుల కౌంటర్ దగ్గర. నెలనెలా ఒక మందు లేదంటే పథకం కాగితం మీద ఎంత గొప్పగా ఉన్నా, ఇంట్లో పింఛను తరుగుతూనే ఉంటుంది.

ముందు కార్డు

2003 ఏప్రిల్ తర్వాత పింఛనుతో రిటైరైనవాళ్లు సభ్యులుగా చేరడం తప్పనిసరి, చందా రిటైర్మెంట్ డబ్బులోంచే మినహాయిస్తారు. అంతకుముందు రిటైరై ఇంతవరకూ చేరనివాళ్లు ఇప్పుడైనా చేరవచ్చు. 2017 డిసెంబరు చివరి నుంచి అమల్లో ఉన్న చందా ఇది: హవల్దార్ వరకు 30,000 రూపాయలు, నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ వరకు 67,000, ఆఫీసర్లకు 1,20,000. నేవీ, ఎయిర్‌ఫోర్సుల్లో సమాన హోదాలకూ ఇదే లెక్క. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్లు, యుద్ధంలో భర్తను కోల్పోయిన వీరనారులు ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. ఈ మినహాయింపు సంగతి తెలియక "అంత డబ్బు ఎక్కడ తేను" అని ఊరుకున్న పెద్దవాళ్లు నాకు తెలుసు. మీ ఊళ్లో అలాంటివారుంటే దయచేసి చెప్పండి.

పథకం వద్దనుకుని నెలకు 1,000 రూపాయల స్థిర వైద్య భత్యం తీసుకుంటున్నవాళ్లు చేరాలంటే ముందు దాన్ని ఆపించుకోవాలి. ఇన్సులిన్ వాడే మనిషికి ఆ వెయ్యి ఎన్ని రోజులకు సరిపోతుందో లెక్క వేసుకుంటే ఏది మేలో తెలిసిపోతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పథకం వెబ్‌సైటులో మొబైల్ నంబరుతో రిజిస్టరై పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు), డిశ్చార్జ్ బుక్, ఆధార్, పాన్, ఫొటో, సంతకం, చందా కట్టిన రసీదు అప్‌లోడ్ చేయాలి. భార్యతో పాటు మీ మీద ఆధారపడ్డవాళ్ల వివరాలు కూడా అప్పుడే ఇవ్వాలి. కొడుకైతే 25 ఏళ్లలోపు, ఉద్యోగం లేకుండా ఉండాలి. కూతురు పెళ్లికాని, సంపాదన లేనిదైతే అర్హురాలే, భర్త పోయినా విడాకులైనా మళ్లీ అర్హత ఉంటుంది. తల్లిదండ్రులిద్దరి ఆదాయం కలిపి నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం దాటకూడదు. దివ్యాంగులైన పిల్లలకు వయసు పరిమితి లేదు.

మీ మాతృ పాలీక్లినిక్ ఏదో కూడా దరఖాస్తులోనే ఎంచుకోవాలి. నెలనెలా మందులు అక్కడే. పిల్లల దగ్గరకు మకాం మారితే ఆన్‌లైన్‌లోనే మార్పించుకోండి, పాత ఊరి పేరుతో అలాగే వదిలేయకండి. దరఖాస్తు పూర్తయ్యాక వచ్చే తాత్కాలిక స్లిప్పు ప్రింటు తీసి దాచుకోండి. స్మార్ట్ కార్డు చేతికొచ్చేదాకా అదే ఆధారం.

పేర్లు కలవకపోతే

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మన ప్రాంతంలో ఒక మనిషికి ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు ఉండటం మామూలు. మా అమ్మనే చూడండి. ఆధార్‌లో అప్పలనరసమ్మ. నాన్న పీపీఓలో ఉత్త నరసమ్మ. నలభై ఏళ్ల కిందట యూనిట్‌లో ఎవరో గుమస్తా చెవిన పడినట్టు రాసుకున్నదది. కంప్యూటర్‌కి మాత్రం వీళ్లిద్దరూ వేరే వేరే మనుషులు. ఇంటిపేరు ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక అక్షరం తేడా వచ్చినా, పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1 అని పడినా ఇదే తంటా.

ఆధార్‌ను మార్చేసి కలిపేయొచ్చు కదా అని చాలామంది ముందు అటు పరుగెడతారు. తొందరపడకండి. బ్యాంకు, పింఛను, పొలం పాసుపుస్తకం అన్నీ ఆధార్ పేరుకు ముడిపడి ఉంటే, సరిచేయాల్సింది సైన్యం రికార్డునే. దానికి మీ రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పంపాలి. ఇద్దరూ ఒకే మనిషి అని అఫిడవిట్, ఆధార్ నకలు, డిశ్చార్జ్ బుక్ నకలు జతచేయాలి. ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉన్నాయి. ఇందుకు నెలలు పడుతుంది. జబ్బు చేశాక మొదలుపెట్టే పని కాదు, ఒంట్లో బాగున్నప్పుడే పూర్తిచేయాలి.

నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టిస్తే మొబైల్ నంబరు మీదే ఇవ్వండి, సెంటర్ వాళ్లది కాదు. తర్వాత ప్రతి పనికీ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది.

మందు లేదన్నప్పుడు వరుసగా చేయాల్సింది

డాక్టరు చీటీ రాశాక మందుల కౌంటర్‌కు వెళ్తారు. ఉన్నవి ఇస్తారు. లేనివాటిని పాలీక్లినిక్ తరఫున స్థానిక అధీకృత మందుల దుకాణం నుంచి తెప్పించే ఏర్పాటు ఉంది. కాబట్టి "లేదు" అనగానే మీరు అడగాల్సిన మొదటి మాట "లోకల్ కెమిస్ట్ నుంచి తెప్పిస్తారా, ఎప్పుడు రావాలి?" అని. తేదీ చెబితే చీటీ మీద రాయించుకోండి.

అక్కడా దొరకదంటే రెండో మాట: "ఎన్ఏ రాసి ముద్ర వేసివ్వండి." ఎన్ఏ అంటే అందుబాటులో లేదని. ఏయే మందు, ఎన్ని మాత్రలు లేవో రాసి, తేదీ వేసి, సంతకం, ముద్ర వేయాలి. ఈ కాగితం చేతికి రాకుండా పాలీక్లినిక్ గేటు దాటకండి. అడగడానికి మొహమాటపడతారు మన పెద్దవాళ్లు. "వాళ్లకెందుకు ఇబ్బంది" అంటారు మా నాన్న కూడా. దేశం కోసం పదిహేడేళ్లు మంచులో నిలబడ్డ మనిషి ఒక ముద్ర కోసం మొహమాటపడటం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అది మీ హక్కు. కౌంటర్‌లో కుదరకపోతే పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌ఛార్జ్‌ను కలవండి, ఆయన కూడా మాజీ సైనికాధికారే అయి ఉంటారు.

ఆ కాగితం తీసుకున్న తర్వాతే బయట కొనాలి. కొన్న తేదీ ఎన్ఏ తేదీకి ముందు ఉందంటే క్లెయిమ్ పోయినట్టే. చీటీలో ఎంత రాశారో అంతే కొనండి, మూడు నెలలకు సరిపడా ఒకేసారి కొనకండి. బిల్లు సరైన దుకాణం బిల్లే అయి ఉండాలి. రోగి పేరు, డాక్టరు పేరు, మందు పేరు, బ్యాచ్ నంబరు, షాపు జీఎస్టీ నంబరు అన్నీ కనబడాలి. తెల్ల కాగితం మీద రాసిచ్చే లెక్క పనికిరాదు.

క్లెయిమ్‌కు దరఖాస్తు ఫారం, కార్డు నకలు, డాక్టరు చీటీ, ఎన్ఏ కాగితం, ఒరిజినల్ బిల్లులు, రద్దుచేసిన చెక్కు కలిపి మాతృ పాలీక్లినిక్‌లో ఇవ్వాలి. ఇచ్చే ముందు ప్రతి కాగితానికీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. థర్మల్ కాగితం మీద వచ్చే షాపు బిల్లులు రెండు నెలల్లో తెల్లబడిపోతాయి, వాటికి జిరాక్స్ తప్పదు. క్లెయిమ్ ఇచ్చినట్టు తేదీతో రసీదు తీసుకోండి. నెల బిల్లులు ఆ నెలలోనే ఇవ్వండి, కుప్ప పోయకండి. డబ్బు బ్యాంకు ఖాతాలోకే వస్తుంది.

రంగు మారిన మాత్ర

ఇంకో నష్టం మనం చేతులారా చేసుకునేది. పోయిన నెల తెల్లమాత్ర ఇచ్చారు, ఈ నెల గులాబీ రంగుది ఇచ్చారని భయపడి, దాన్ని మూలన పెట్టి బయట పాత బ్రాండే కొనేవాళ్లు ఎందరో. కంపెనీ మారితే రంగు మారుతుంది. అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, మిల్లీగ్రాములు చూడండి. టెల్మిసార్టాన్ 40 అని చీటీలో ఉండి, అట్ట మీదా అదే ఉంటే అది మీ మందే. అనుమానం ఉంటే డాక్టరుకు చూపించండి. బయట కొనక తప్పనప్పుడు కూడా ఆ పేరుతో జన ఔషధి కేంద్రంలో అడగండి. బ్రాండు రేటులో సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే దొరుకుతుంది. క్లెయిమ్ డబ్బు వచ్చేదాకా చేతి నుంచి పెట్టేది మనమే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

పెద్దాసుపత్రి, ఎమర్జెన్సీ

పాలీక్లినిక్ నుంచి రిఫరల్ చీటీ తీసుకుని ఎంప్యానెల్ ఆసుపత్రికి, అంటే పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్తే నగదు కట్టకుండా చికిత్స జరగాలి. అక్కడ స్పెషలిస్టు ఓపీలో రాసిన మందులు మాత్రం మళ్లీ పాలీక్లినిక్ నుంచే తీసుకోవాలి. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవాళ్లు రిఫరల్ గడువు ముగిసే తేదీని గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. రక్తం పెరగడానికి వేసే ఇంజక్షన్ల ఖరీదు ఎక్కువ, ఒక్క వారం ఆలస్యమైనా జేబులోంచే పెట్టాలి.

గుండెపోటు వంటివి వస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే దానికే తీసుకెళ్లండి. అది ఎంప్యానెల్ కానిదైతే చేరిన 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఆ ఫోన్ నంబరు ఇంట్లో అందరి మొబైళ్లలోనూ ఉండాలి. తిరిగొచ్చేది ప్రభుత్వం పెట్టిన రేట్ల మేరకే, ఆసుపత్రి వేసిన మొత్తం బిల్లు కాదు.

డెబ్బై దాటినవాళ్లకు ఒక హెచ్చరిక

2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన అందరికీ ఏడాదికి 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తున్నారు. ఊళ్లోకి వచ్చి "తాతగారూ, వేలిముద్ర వేయండి, ఐదు లక్షలు ఉచితం" అంటే వేసేయకండి. ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఆయుష్మాన్ ఆసుపత్రిలో చేరిన చికిత్సకే, నెలవారీ బీపీ, షుగర్ మాత్రలు దాంట్లో రావు. ఏ పింఛనుదారుడికైనా ఈసీహెచ్‌ఎస్ వదులుకోమని నేను చెప్పలేను.

పింఛను లేకుండా బయటికొచ్చిన మాజీ సైనికులకు కేంద్రీయ సైనిక్ బోర్డు వైద్య సహాయం ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి.

భర్త పోయాక

పింఛనుదారుడు కన్నుమూస్తే భార్యకు వైద్యం ఆగదు. కానీ పాత కార్డుతో నడిపించలేం. కుటుంబ పింఛను పీపీఓ, మరణ ధ్రువీకరణ పత్రంతో ఆమె పేరు మీద కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టాలి. పదోరోజు కార్యక్రమాలైన వెంటనే పిల్లలు ఈ పని చేతిలోకి తీసుకోండి. ఆ ఇంట్లో బీపీ మాత్రలు తెచ్చిపెట్టే మనిషి పోయాడు. మందు లేకుండా ఒక నెల గడిచిపోయినా, ఆ దుఃఖంలో ఆవిడ మీకు చెప్పదు.