పుట్టుమచ్చను డాక్టర్ చూసేదాకా: 12 రోజుల టెన్షన్ లెక్క

నా టెన్త్ మెమోలో రెండు పుట్టుమచ్చలు రాసి ఉన్నాయి. ఒకటి మెడ మీద, ఇంకొకటి కుడి మోచేతి దగ్గర. ఎడమ అరికాలి మచ్చ అందులో లేదు, ఎందుకంటే అప్పటికి అది పుట్టనేలేదు. మొన్న ఆషాఢంలో గోరింటాకు పెడతానని మా అమ్మాయి నా కాలు ఒళ్లోకి లాక్కుని, "అమ్మా, ఇదేంటి ఇక్కడ?" అంది. మినపగింజ కంటే కొంచెం పెద్దది. ఒక పక్క నలుపు, ఒక పక్క బూడిద రంగు, అంచు తడి కాగితం మీద పాకిన సిరాలా ఉంది. ఫ్యామిలీ డాక్టర్ చూసి, స్కిన్ స్పెషలిస్ట్‌కి చూపించమన్నారు. అపాయింట్‌మెంట్ 12 రోజుల తర్వాత దొరికింది.

నేను రాణిగంజ్‌లో ఒక ఇనుము షాపులో లెక్కలు రాస్తాను. ఆ 12 రోజులు నెట్టుకొచ్చింది కూడా లెక్కల మీదే. నా రిపోర్టులో ఏమొచ్చిందో మాత్రం ఇక్కడ చెప్పను. అప్పట్లో ఎవరి అనుభవం దొరికినా నేను చివరి పేరా నుంచే చదివేదాన్ని. వాళ్లకు ఏమీ లేదంటే నాకూ లేనట్టు, ఉందంటే నాకూ ఉన్నట్టు. ఒకరి అరికాలికీ ఇంకొకరి అరికాలికీ ఏం సంబంధం?

మీరూ ఇలా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తుంటే, ముందు ఆస్పత్రికి ఫోన్ చేయండి. మచ్చ నుంచి రక్తం వస్తున్నా, పుండు పడి మానకపోయినా, వారాల్లోనే పెరుగుతున్నా ఆ మాట దాచకుండా చెప్పి ముందు తేదీ అడగండి. అవేవీ లేకపోతే, ఎవరైనా క్యాన్సిల్ చేసుకుంటే పిలవమని నంబరు ఇవ్వండి. నాకు పిలుపు రాలేదు. కానీ నా చేతిలో ఉన్న పని అయిపోయిందన్న నిదానం వచ్చింది.

తర్వాత ఫొటో. పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఒక్కటి తీయండి. ఇంకొకటి అపాయింట్‌మెంట్ ముందు రోజు. మధ్యలో వద్దు. నేను మూడు రోజుల్లో 31 తీశాను. ట్యూబ్‌లైట్ కింద నల్లగా, పొద్దున బాల్కనీలో గోధుమ రంగులో కనిపించేది. మారిపోతోందని వణికిపోయాను. మారింది లైటు.

నాలుగో రోజు డే బుక్ చివరి పేజీలో, మచ్చను చూసుకున్న ప్రతిసారీ ఒక గీత గీశాను. సాయంత్రానికి 23. బాత్రూమ్‌లో, షాపు టేబుల్ కింద చెప్పు విప్పి, రాత్రి ఫోన్ లైటు వేసి. గోటితో గీకి గీకి అది ఎర్రబడింది, మళ్లీ ఆ ఎరుపు చూసి భయం! ఒక్కసారే మానలేం. స్నానం తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి అని టైము పెట్టుకున్నాను. మధ్యలో చేయి లాగితే, 'ఈ బిల్లు ఎంట్రీ అయ్యాక చూద్దాం' అనుకునేదాన్ని. మూడు బిల్లులు అయ్యేసరికి సగంసార్లు మర్చిపోయేదాన్ని. 23 కాస్తా 14, తర్వాత 6. బోనాల ఆదివారం ఇంటినిండా చుట్టాలు, ఒక్క గీత కూడా పడలేదు.

గూగుల్ మానేయమంటే ఎవరూ మానరు. కాబట్టి తెలుసుకోవాల్సింది ఒకసారి తెలుసుకుని మూసేయండి. మచ్చ రెండు సగాలు సరిపోలకపోవడం, అంచు గజిబిజిగా ఉండడం, ఒకటికి మించి రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన సైజు, అన్నిటికంటే ముఖ్యంగా మార్పు. ఇవి డాక్టర్‌కి చూపించడానికి కారణాలే గానీ జబ్బు పేరు కాదు. మన రంగు చర్మంలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరుదు. వస్తే మాత్రం తరచుగా అరికాలు, అరిచేయి, గోరు కింద కనిపిస్తుంది, అందుకే నన్ను పంపారు. చెప్పు నొక్కుడుకి లోపల గడ్డకట్టిన రక్తం కూడా అచ్చం ఇలాగే ఉంటుందట. నిజంగా మెలనోమాయే అయినా, తొలి దశలో తీసేస్తే చాలామందికి ఆ ఆపరేషన్‌తోనే సరిపోతుంది.

మనుషుల సంగతి ఇంకో తలనొప్పి. మావారు "ఏం కాదులే" అన్నారు. ఆ మాట వింటే ఒళ్లు మండింది. "మీరు ధైర్యం చెప్పొద్దు, ఆ రోజు లీవు పెట్టి పక్కన కూర్చోండి" అన్నాను, పెట్టారు. ఎవరు ఏం చేయాలో మీరే చెప్పండి, వాళ్లకు తట్టదు. అత్తయ్య, "అరికాల్లో మచ్చంటే విమానం ఎక్కుతావమ్మా" అంది. నవ్వొచ్చింది, అది మందే. పక్కింటావిడ సున్నం రాయమంది. పొరపాటున కూడా వద్దు. కాలిపోతే డాక్టర్‌కి చూడడానికి ఏమీ మిగలదు.

రాత్రుళ్లే కష్టం. సాయంత్రం ఏడింటికి మేడ మీద పావుగంట భయపడడానికే కేటాయించాను. తెల్లవారుజామున మూడింటికి గుండె దడదడలాడితే, 'రేపు ఏడింటికి' అనుకుని, పీల్చిన దానికి రెట్టింపు సేపు ఊపిరి వదిలేదాన్ని. సాయంత్రం నాలుగు తర్వాత చాయ్ మానేశాను, అదీ పనిచేసింది. అప్పటికీ నిద్ర, తిండి లేకుండా పోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

వెళ్లే రోజుకి గోరింటాకు, పసుపు, నెయిల్ పాలిష్ ఏవీ ఉండకూడదు, అసలు రంగు కనిపించాలి. ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. ముక్క తీస్తారా, మొత్తమా? రిపోర్టు ఎన్ని రోజులకు? ఫోన్ ఎవరు చేస్తారు? నాకు డాక్టర్ లైటున్న భూతద్దం ఆనించి చూసింది నిమిషం కూడా కాదు. మొత్తం తీసి పరీక్షకు పంపుదామన్నారు. మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంది, తర్వాత ఏమీ తెలియలేదు. రిపోర్టుకు వారం అన్నారు.

ఇంటికొచ్చి డే బుక్‌లో కొత్త పేజీ తిప్పి తేదీ వేశాను. ఈసారి చూడడానికి కట్టు తప్ప ఏమీ లేదు. దానికీ ఆ రోజు ఆరు గీతలు పడ్డాయి.