హార్వెస్టర్ కంప్యూటర్ కొలతలు సరిచేసే ముందు జాగ్రత్తలు

ప్రకాశం జిల్లా జామాయిల్, సుబాబుల్ తోటల్లో కర్ర టన్నుల లెక్కన అమ్ముడుపోతుంది కనుక చెట్లను నరికి దుంగలుగా కోసే యంత్రం (హార్వెస్టర్)లోని కంప్యూటర్ చూపే కొలతతో పనేమిటని కొందరు అనుకుంటారు. కానీ దుంగల పొడవులో తేడా వస్తే లారీలో పేర్చే దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

హార్వెస్టర్ తలను (చెట్టును పట్టి కోసే భాగాన్ని) నేలకు ఆనించి, ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్న తరువాతే దుంగ వెంట దొర్లుతూ పొడవు కొలిచే చక్రాన్ని పరిశీలించాలి. జామాయిల్ బెరడు పట్టీలు పట్టీలుగా ఊడి చక్రం పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. దానివల్ల చక్రం జారితే కంప్యూటర్ పొడవును తక్కువగా లెక్కగట్టి, దుంగను కావలసినదానికంటే పొడవుగా కోయిస్తుంది. నేనొకసారి ఇది చూసుకోకుండా కంప్యూటర్‌లోని సవరణ అంకెలు మార్చి, చక్రం శుభ్రం చేశాక మళ్లీ మొదటికి వచ్చాను.

పాత అంకెలను ముందుగా కాగితంపై రాసి పెట్టుకోవాలి.

ఒక్క దుంగను చూసి ఏదీ మార్చకూడదు. లావువి, సన్ననివి కలిపి కనీసం పది దుంగలకైనా టేపుతో పొడవు, కాలిపర్‌తో వ్యాసం చూసి కంప్యూటర్ కొలతతో పోల్చాలి. వంకర దుంగలను, కణుపులున్న చోట్లను వదిలేసి, ఒకే చోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి సగటు తీసుకోవాలి. 20 సెంటీమీటర్ల వ్యాసం 21గా నమోదైతే ఘనపరిమాణం సుమారు 10 శాతం ఎక్కువగా కనబడుతుంది. మీరు బెరడుతో కొలిచి, కంప్యూటర్ బెరడు తీసివేసి లెక్కిస్తుంటే ఈ శ్రమంతా వృథా.

సరిచేశాక మళ్లీ కోసి చూసేటప్పుడు రంపం పట్టీకి సూటిగా వచ్చే వరుసలో ఎవరినీ నిలబడనివ్వకూడదు. తెగిన రంపపు గొలుసు ముక్క తూటాలా దూసుకువస్తుంది.