డాక్టర్ చెప్పిన మాటలు గుర్తుండట్లేదా, పేజీ మధ్యలో ఒక గీత కొట్టండి

అమ్మకి క్యాన్సర్ అని తేలి కీమో మొదలైన కొత్తలో డాక్టర్ చెప్పినవి సగం లిఫ్ట్ దిగేలోపే మర్చిపోయేవాణ్ణి. స్టేజీ, గ్రేడూ ఒకటే అనుకుని నెల రోజులు చుట్టాలందరికీ తప్పే చెప్పాను.

ఇప్పుడు కోఠిలో కొన్న చిన్న నోట్‌బుక్ ఒకటి ఫైల్లోనే ఉంటుంది. పేజీ మధ్యలో గీత, ఎడమవైపు విన్న మాట తెలుగు అక్షరాల్లోనే, ఎలా వినపడితే అలా. అపాయింట్‌మెంట్‌కి ముందు రాత్రి మూడంటే మూడు మాటలు ఎంచుకుని, "సార్, మా అమ్మ విషయంలో దీనర్థం ఏంటి" అని అడిగి, కుడివైపు ఒక్క లైను రాసుకుని ఆయనకే చదివి వినిపిస్తా. పది అడిగితే కుదరదు, బయట టోకెన్ల లైను తెలిసిందేగా.

స్టేజీ అంటే గడ్డ ఎంతుంది, ఎంతవరకు పాకింది. గ్రేడ్ అంటే మైక్రోస్కోపులో ఆ కణాలు మామూలు కణాలకి ఎంత తేడాగా ఉన్నాయి. నియో అడ్జువెంట్ అంటే ఆపరేషన్‌కి ముందిచ్చే వైద్యం. పాలియేటివ్ అనగానే మా పిన్ని ఏడ్చేసింది గానీ అది నొప్పి, వాంతుల్లాంటివి తగ్గించేది, మిగతా ట్రీట్‌మెంట్‌తో పాటే ఇవ్వొచ్చట.

పాజిటివ్, నెగెటివ్ దగ్గర మాత్రం ఒక్క లైను చాలదు. మార్జిన్ నెగెటివ్ అంటే ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని, మంచి కబురే. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్) పాజిటివ్ అంటే ఆ కణాల్లో అది ఉందని, హార్మోన్ మందులు పనిచేసే అవకాశం ఉందని. అందుకే ఆ మాట ఏ రిపోర్టులోదో, తారీఖుతో సహా పక్కనే రాయండి.