థ్రిల్లర్ ట్రైలర్‌ను కట్ చేయడం ఎలా?

తిరుపతిలో షార్ట్ ఫిల్ములు తీసేవారు చంద్రగిరి కోట దగ్గరో, శేషాచలం కొండల అంచునో సన్నివేశాలను చక్కగానే తీస్తున్నారు. తీరా ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి సినిమాలోని అరుపులన్నీ ఏరి వరుసగా అతికిస్తున్నారు. దానివల్ల గోల పుడుతుంది తప్ప ఉత్కంఠ పుట్టదు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, మంచి హెడ్‌ఫోన్లు మాత్రం ఉండాలి.

1. షాట్లు ఏరుకోండి. పతాక సన్నివేశం నుంచి ఒక్క షాటు కూడా తీసుకోకూడదు. నిడివి 90 సెకన్లు దాటకూడదు.

2. మామూలు రోజుతో మొదలుపెట్టండి. తెల్లవారుజామున ఒక అమ్మాయి ముగ్గు వేసి లోపలికి వెళ్తుంది. మళ్లీ వచ్చి చూస్తే ముగ్గు మీద ఎవరిదో అడుగు, వేళ్లు ఇంటి వైపు. అంత చాలు.

3. షాట్ల నిడివి తగ్గిస్తూ రండి: నాలుగు సెకన్లు, రెండు, ఒకటి, అర. టైటిల్ కార్డులు మూడే, నల్లని తెర మీద తెల్లని తెలుగు అక్షరాలు. గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం వద్దు.

4. నిశ్శబ్దం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

వేగం పెరిగి పెరిగి ఉన్నప్పుడు సంగీతాన్ని ఒక్కసారిగా తెంచేయాలి. మెల్లగా తగ్గిస్తే ఏదో రాబోతోందని చెవి ముందే సిద్ధమైపోతుంది. అలాగని సౌండ్ ట్రాకును పూర్తిగా ఖాళీగా వదలకండి, చూసేవారు ఫోను పాడైందనుకుంటారు. ఆ గదిలో సహజంగా ఉండే ఫ్యాను రొదను అలాగే ఉంచి, దాని మీద ఒకే ఒక చిన్న చప్పుడు, తలుపు గడియ జరిగినట్టు, వేయండి. ఇందుకోసం షూటింగ్ రోజునే అందరినీ కదలకుండా నిలబెట్టి, అర నిమిషం పాటు ఆ గది శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి.

ఈ నిశ్శబ్దం రెండు సెకన్లు ఉండాలి. సెకనుకు 24 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన 48 ఫ్రేములు. తగ్గితే ఎవరూ గమనించరు, పెరిగితే బిగువు సడలుతుంది.

తర్వాతి దెబ్బను, అంటే ఉలిక్కిపడేలా చేసే శబ్దాన్ని, సంగీతపు తాళానికి సరిగ్గా వేయకండి. నాలుగైదు ఫ్రేములు ఆలస్యం చేయండి. తెర మీది బొమ్మ కూడా అనుకున్నది రాకూడదు. తలుపు తెరుచుకుంటుందని అందరూ ఎదురుచూస్తారు, మీరు లోపలి నుంచి గడియ పెడుతున్న చెయ్యి చూపించండి.

ఇంటర్నెట్‌లో దొరికే ఢాం శబ్దాలను నమ్ముకోకండి. ఆ లోతైన ధ్వని థియేటర్‌లో గుండెను తాకుతుంది గానీ, ఫోను స్పీకరులో దాదాపు వినిపించదు. స్టీలు చెంబు గచ్చు మీద పడిన చప్పుడు ఎందులోనైనా వినిపిస్తుంది.

5. సినిమా పేరు, విడుదల తేదీ వేసి ముగించండి. తేదీ తర్వాత మరో దెబ్బ వేయకండి. అది మొదటి దెబ్బను మింగేస్తుంది.